వెలుగు పట్టకారు

(మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పట్టకారు లేని వంటిల్లు వుండదు గదా! పొయ్యిమీద పొంగుతున్న పాలగిన్నెను దించాలన్నా, మంటమీద పుల్కాను తిప్పాలన్నా చెయ్యి ముందు దానివైపే పోతుంది. చేతికి వేడి తగలకూడదు, గిన్నె జారకూడదు. అంతవరకే దాని పని. కంసాలి దగ్గర ఇంకా సన్నపాటిది వుంటుంది. నువ్వుగింజంత కెంపును దానితో పట్టుకొని, నలగకుండా, గీతపడకుండా ఉంగరం గూటిలో కూర్చోబెడతాడు. ఈ పూట నేను చెప్పదలచుకున్న పట్టకారు వీటికంటే ఎన్నో వేల రెట్లు చిన్నది. దానికి కాళ్ళు లేవు, పిడి లేదు. ఇనుమూ కాదు, ఇత్తడీ కాదు. అది వట్టి వెలుతురు. ఆ వెలుతురుతో మన నెత్తుటిలోని ఒక్క ఎర్రకణాన్ని, వున్నదాన్ని వున్నట్టుగానే పట్టుకొని, పక్కకు జరిపి, సాగదీసి, "నువ్వు బాగున్నావా?" అని అడగవచ్చు.

"ఇదేదో కాలేజీ పిల్లల పాఠంలా వుంది, మనకెందుకు?" అని రేడియో కట్టేయకండి. మాట తిరిగి తిరిగి మన ఒంట్లో నెత్తురు దగ్గరికే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత వున్నదని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే ఇప్పుడీ ప్రసంగం వింటున్న పదిమందిలో దాదాపు ఆరుగురన్నమాట. నెత్తురు తక్కువ అనగానే మనకు తెలిసిన మందు ఇనుము మాత్ర. కాని అందరి నెత్తురూ ఒకే కారణంచేత తగ్గదు. ఆ సంగతి ఎర్రకణాన్ని దగ్గరగా చూస్తేగాని తెలియదు.

దగ్గరగా చూడటమంటే, ఇన్నాళ్ళూ ఎలా చూశారు? గాజుపలక మీద నెత్తుటిచుక్కను పూసి, ఆరబెట్టి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. ఈ పద్ధతిని తక్కువ చేయటానికి వీల్లేదు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో, బేగంపేటలో, రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ పొట్టను కోసి చూసి, అందులో మలేరియా పురుగును కనిపెట్టాడు. లోకమంతటికీ మేలు జరిగింది. అయితే ఆయన చూసింది చచ్చిన దోమను.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ మీలో చాలామందికి తెలిసే వుంటుంది. మామగారి సాయంతో ఓడ ఎక్కి అమెరికాలోని బోస్టన్ చేరారు. ఇక్కడ మిగిలిపోయిన భార్య శేషగిరిగారు మళ్ళీ ఆయన్ను చూడనేలేదు. 1948లో ఆయన అమెరికాలోనే పోయారు. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు ఆమె మాట కూడా ఒకటి చెప్పాలని నాకు అనిపిస్తుంది. సరే, ఆయన 1929లో ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి కండలోనుంచి ఏ.టి.పి. అనే పదార్థాన్ని బయటికి తీశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనుగొన్నాడు. మనం తిన్న అన్నం పెద్దనోటు అనుకుంటే, ఏ.టి.పి. చిల్లర. కణం ఏ చిన్న పని చేయాలన్నా ఆ చిల్లరే ఖర్చుపెడుతుంది. కాని దాన్ని కనిపెట్టడానికి కండను నూరి, వడగట్టి, లెక్కగట్టవలసి వచ్చింది. పప్పును మెత్తగా రుబ్బితే దానిలో ఏమేం సరుకులున్నాయో తెలుస్తుంది. గింజ మొలకెత్తేటప్పుడు ఏం చేస్తుందో మాత్రం తెలియదు. దానికి గింజను బతకనివ్వాలి.

బతికున్న కణాన్ని పట్టుకోవడంలో చిక్కు వుంది. ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని మైక్రాను అంటారు. తలవెంట్రుక మందం సుమారు 70, 80 మైక్రాన్లు. ఎర్రకణం అడ్డుకొలత 7, 8 మైక్రాన్లు. వెంట్రుక వెడల్పులో పది కణాలు పక్కపక్కన పడుకోవచ్చు. దాన్ని సూదితో పట్టుకుంటే పగిలిపోతుంది, గాజుకు అంటిస్తే అణిగిపోతుంది. మరెలా?

వెలుతురుకు తోసే బలం వుంది. మనకు తెలియదు గాని వుంది. తోకచుక్క తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురువైపే ఎందుకుంటుందని ఆలోచించి, ఎండ దాన్ని తోస్తున్నదని 1619లోనే కెప్లర్ అన్నాడు. మిట్టమధ్యాహ్నం రోహిణి ఎండలో అరచెయ్యి చాచి నిలబడితే, ఆ ఎండ చేతిమీద మోపే బరువు ఒక గసగసాల గింజ బరువులో యాభయ్యో వంతు కూడా వుండదు. మాడు పగిలేది వేడివల్ల, బరువువల్ల కాదు. అంత కొంచెం బలంతో మనల్ని కదిలించలేదు. కాని కణమంత చిన్న వస్తువుకు ఆ కొంచెమే ఎక్కువ.

ఈ మాటను ఆచరణలో పెట్టినాయన ఆర్థర్ ఆష్కిన్. అమెరికాలో టెలిఫోను కంపెనీవారి బెల్ పరిశోధనశాలలో పనిచేసేవాడు. 1960లో లేజరు వచ్చింది. లేజరంటే చెదిరిపోకుండా ఒకే దారిన నడిచే వెలుతురు. ఆష్కిన్ 1970లో నీళ్ళలో తేలే సన్నని పూసలమీదికి లేజరు వెలుతురును వదిలాడు. పూసలు వెలుతురు వెంట ముందుకు కొట్టుకుపోయాయి. అది ఆయన అనుకున్నదే. అనుకోనిది ఇంకొకటి జరిగింది. పక్కనెక్కడో వున్న పూసలు కూడా వెలుతురు నడిమధ్యకు లాక్కోబడ్డాయి. తోసేది లాగడమేమిటి?

ఇది మీరు వంటింట్లోనే చూడవచ్చు. కుళాయిని సన్నని ధారగా వదలండి. తేలికైన చెంచాను కాడ చివర వదులుగా పట్టుకొని, దాని వీపును ఆ ధారకు ఆనించండి. నీళ్ళు చెంచాను అవతలికి నెడతాయని అనుకుంటాం. నెట్టవు, తమవైపు లాక్కుంటాయి! చెంచా వీపుమీదుగా పోతూ ధార ఒకవైపు వంగుతుంది; ధార ఒకవైపు వంగితే చెంచా రెండోవైపు జరగక తప్పదు. గాజులాంటి పూసలోనుంచి పోయేటప్పుడు వెలుతురూ అలాగే వంగుతుంది. వెలుతురు ఎక్కువ వున్నవైపు ఈ లాగుడు ఎక్కువ. కాబట్టి పూస వచ్చి వచ్చి వెలుతురు అన్నిటికన్నా చిక్కగా వున్నచోట నిలిచిపోతుంది. 1986లో ఆష్కిన్, ఆయన తోటివారు ఒకే ఒక్క లేజరును భూతద్దంలాంటి కటకంతో బిందువంత చోటికి కుదించి, పూసను అక్కడ కదలకుండా నిలబెట్టారు. బిందువును జరిపితే పూసా దానివెంట జరుగుతుంది. ఇదే వెలుగు పట్టకారు.

ఆ తర్వాతి సంగతి నాకు చాలా ఇష్టం. 1987లో ఆష్కిన్ పూసలకు బదులు సూక్ష్మక్రిములను పట్టాడు. మొదట వాడినది పచ్చని లేజరు. క్రిములు దొరికాయిగాని కాసేపటికి చచ్చిపోయాయి. పాపం, వేయించినట్టయింది. అప్పుడు కంటికి కనిపించని పరారుణ కాంతికి మారాడు. ఆ వెలుతురును కణాలు అంతగా పీల్చుకోవు. ఈసారి క్రిములు చావలేదు సరిగదా, పట్టకారులో వుండగానే రెండుగా చీలి పిల్లలు పెట్టాయి! పట్టుకున్నామని తెలియకుండా పట్టుకోవడమంటే అది.

ఈ పనికి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది 2018లో. అప్పటికి ఆయన వయసు 96. రెండేళ్ళ తరువాత పోయారు. ఆ ఏటి భౌతికశాస్త్ర బహుమతిలో పాలుపంచుకున్న మరొకరు డొన్నా స్ట్రిక్‌లాండ్ అనే ఆవిడ. వేరే లేజరు పనికి వచ్చింది. ఆ శాస్త్రంలో నోబెల్ అందుకున్న ఆడవాళ్ళలో ఆమె మూడో మనిషి. 1903లో మేరీ క్యూరీ, 1963లో మరియా మేయర్, తర్వాత 55 ఏళ్ళకు ఈమె. ఇంత ఆలస్యం చదువు లోపంవల్ల మాత్రం కాదని మీకు వేరే చెప్పాలా?

ఇంతవరకు చెప్పిన పట్టకారుకు పెద్ద మైక్రోస్కోపు, బరువైన బల్ల, చీకటిగది కావాలి. దాన్ని చిన్నది చేసింది గాజుపోగు, అదే ఫైబరు. మా భవానీపురం వీధుల్లో కరెంటు స్తంభాల మీదుగా వేలాడుతున్న నల్లని కేబులును చూపించి "ఇదేమిటండీ?" అంటే, "నెట్టు" అంటారు. ప్రభుత్వంవారి ఫైబర్‌నెట్ కూడా స్తంభాల మీదుగానే వచ్చింది. ఆ నల్లని తొడుగు విప్పితే లోపల వుండేది వెంట్రుకంత గాజుపోగు. మందం 125 మైక్రాన్లు. అందులోనూ వెలుతురు నడిచే దారి నట్టనడుమ 8, 9 మైక్రాన్లు మాత్రమే. ఎర్రకణం అడ్డుకొలత ఎంతన్నాను? 7, 8. టెలిఫోను మాటలు మోయడానికి తీసిన దారీ, మన నెత్తుటి కణమూ దాదాపు ఒకే కొలతకు కుదిరాయి! ఎవరూ కావాలని చేసింది కాదు. అయినా ఆశ్చర్యంగానే వుంటుంది.

గాజుపోగుల్లో వెలుతురును వంకరదారిన నడిపించవచ్చని 1954లో చేసి చూపించినవారిలో మన పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ఒకరు. మరకలేని స్వచ్ఛమైన గాజు అయితే మైళ్ళకొద్దీ పంపవచ్చని 1966లో చెప్పినది చైనాలో పుట్టిన చార్లెస్ కావ్. మాటలు మోసిన ఆ పోగునే 1993లో హార్వర్డ్‌లో మారా ప్రెంటిస్ అనే ఆవిడ, ఆమె తోటివారు పట్టకారుగా మార్చారు. రెండు గాజుపోగులను ఎదురెదురుగా పెట్టి, రెండింటినుంచీ లేజరు వదిలితే, నడుమ వచ్చిన కణం ఎటూ పోలేక ఆగిపోతుంది. ఎదురెదురుగా వచ్చే రెండు జనప్రవాహాల మధ్య చిక్కిన మనిషిలాగా. దసరాల్లో ఇంద్రకీలాద్రి మెట్లమీద ఇది మనకందరికీ అనుభవమే.

ఆ నడుమ చిక్కిన కణం ఏమవుతుంది? అప్పడంలాగా నొక్కుకుపోతుందని మీరూ నేనూ అనుకుంటాం. కాదు. అది సాగుతుంది! వెలుతురు కణంలోకి దూరేచోటా, బయటికి వచ్చేచోటా పొరను బయటివైపుకే లాగుతుంది. రెండు చేతులతో పూరీపిండి ముద్దను చెరోవైపుకు లాగినట్టన్నమాట. పిండి ఎంత సాగుతున్నదో చూసి అది చాలినంత నానిందా లేదా అని మనం చెప్పగలం. వేలు పెట్టగానే తెలుస్తుంది, దానికి మళ్ళీ పరీక్ష అక్కరలేదు. కణం సంగతీ అంతే. గుక్, కాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2000 ప్రాంతంలో టెక్సాస్‌లో ఈ సాగదీసే పరికరాన్ని తయారుచేశారు. 2005లో రొమ్ము కణాలను దానిలో పెట్టి చూశారు. మామూలు కణాలకన్నా కేన్సరు కణాలు దాదాపు రెండింతలు సాగాయి. ఒకచోటినుంచి ఇంకొకచోటికి పాకే గుణం ఎక్కువగా వున్నవి మూడింతలు సాగాయి. ఏ రంగూ వేయలేదు, ఏ మందూ కలపలేదు. మెత్తదనమే ఆనవాలు. అవి పరిశోధనశాలలో పెంచిన కణాలు సుమండీ. ఆస్పత్రికి వచ్చిన మనిషికి ఈ పరీక్షతో జబ్బు నిర్ధారించే రోజు ఇంకా రాలేదు. రొమ్ములో గడ్డ తగిలితే ఇప్పటికి డాక్టరు చెయ్యీ, మామోగ్రామూ, ముక్క తీసి చూసే పరీక్షే దిక్కు.

ఇక ఎర్రకణం. కేన్సరు కణం మెత్తబడితే ప్రమాదం. ఎర్రకణం గట్టిపడితే ప్రమాదం. ఎందుకంటారా? దాని ప్రయాణం అలాంటిది. విజయవాడ వన్‌టౌనులో కొన్ని సందులున్నాయి చూడండి, ఎదురుగా స్కూటరు వస్తే మనం గోడకు అతుక్కోవాలి. ఒంట్లో చిట్టచివరి రక్తనాళాలు అంతకన్నా ఇరుకు. కొన్ని ఎర్రకణం కంటే సన్నం. కణం మడత వేసుకొని, పొడుగ్గా సాగి, దూరి, అవతల మళ్ళీ గుండ్రంగా విచ్చుకోవాలి. ప్లీహంలో ఒక మైక్రాను వెడల్పు కూడా సరిగ్గా లేని చీలికలుంటాయి. అది మన ఒంట్లోని జల్లెడ. మెత్తనివి జారిపోతాయి, బిరుసెక్కినవి అక్కడే చిక్కుకొని రద్దయిపోతాయి. ఒక ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ముసలిదై గట్టిపడగానే జల్లెడ దాన్ని ఏరేస్తుంది. సెకనుకు 20 లక్షలకు పైగా కొత్తవి ఎముకల మూలుగలో పుడుతుంటాయి. మనం ఇక్కడ కూర్చుని మాట్లాడుకుంటున్నంతసేపూ.

తలసీమియా వున్నవారి ఎర్రకణాలు అసలే బిరుసు. సికిల్ సెల్ జబ్బులో ప్రాణవాయువు తగ్గగానే కణం కొడవలిలాగా వంగి గట్టిపడిపోతుంది. మన అరకు, పాడేరు కొండల్లోని గిరిజన కుటుంబాలకు ఈ బాధ తెలుసు. మలేరియా పురుగు దూరిన కణం కూడా బిరుసెక్కుతుంది. ఇవన్నీ వెలుగు పట్టకారుతో కణాన్ని కణంగా పట్టి, ఇంత బలానికి ఇంత సాగింది అని కొలిచిన సంగతులు. బ్లడ్ బ్యాంకులో నిలవపెట్టిన నెత్తురు కూడా రోజులు గడిచేకొద్దీ ఎంత మెత్తదనం పోగొట్టుకుంటున్నదో ఇలాగే పరీక్షిస్తున్నారు.

మన దేశంలోనే, ఇండోరులో, ఇప్పుడు రాజా రామన్న పేరు పెట్టుకున్న లేజరు పరిశోధన కేంద్రంలో 2004లో ఒక చక్కని పని జరిగింది. కొంచెం ఉప్పు ఎక్కువైన ద్రవంలో మంచి ఎర్రకణాన్ని వెలుగు పట్టకారుతో పట్టుకుంటే, అది దానంతటదే గిరగిర తిరుగుతుంది. పిల్లల గాలిపంకాలాగా. మలేరియా పట్టిన కణం అలా తిరగలేకపోయింది. రాస్‌గారు సికింద్రాబాదులో చచ్చిన దోమను కోసి చూసిన 107 ఏళ్ళకు, అదే జబ్బును బతికున్న కణం నడకనుబట్టి గుర్తుపట్టారు. మలేరియాకు ఈనాడు వేలికొనన పొడిచి చూసే చౌకపరీక్షలు వున్నాయి కనుక దీన్ని వూరూరా పెట్టలేదు, పెట్టక్కరలేదు కూడా. కాని చూపు మారింది.

సుబ్బారావుగారి చిల్లర మాట మధ్యలో వదిలాను. కణంలో సరుకులు మోసే చిన్న చిన్న మోటారు లున్నాయి. దారాలవంటి పట్టాలమీద అవి అడుగులో అడుగు వేసుకుంటూ మూట మోసుకుపోతాయి. 1993లో స్వొబోడా, బ్లాక్ అనే శాస్త్రవేత్తలు అలాంటి ఒక్క మోటారుకు ఒక పూసను తగిలించి, ఆ పూసను వెలుగు పట్టకారుతో పట్టి చూశారు. అడుగడుగూ తెలిసింది. ఒక్కొక్క అడుగు 8 నానోమీటర్లు, అంటే మైక్రానులో నూటపాతికో వంతు. అడుగుకు ఒక ఏ.టి.పి. ఖర్చని తరువాత తేలింది. ఆ మోటారు లాగగల బలం ఎంత? అయిదారు ఎర్రకణాల బరువంత. నడుము దగ్గరనుంచి కాలి వేలిదాకా మీటరు పొడుగు సాగిన నరం వుందనుకోండి, దాని ఈ చివరినుంచి ఆ చివరకు ఒక మూట చేరాలంటే 12 కోట్ల 50 లక్షల అడుగులు వేయాలి. ఈ పని జరిగింది బోస్టన్‌కు నది అవతలి ఒడ్డున, కేంబ్రిడ్జిలో. విజయవాడకు తాడేపల్లి ఎంతో అంత. సుబ్బారావుగారు కండను నూరి తీసిన పదార్థం ఒక్కొక్క అణువుగా ఎలా ఖర్చవుతున్నదో 60, 70 ఏళ్ళ తరువాత కళ్ళకు కనబడింది. ఆయన లేరు చూడటానికి. మన దేశంలో బొంబాయి టాటా సంస్థలో రూప్ మల్లిక్‌గారు ఈ మోటార్లు ఒంటరిగా కాక జట్టుకట్టి ఎలా లాగుతాయో బతికున్న కణాల లోపలే కొలిచారు. 2018లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు.

పట్టుకోవడం ఒకటి, లోపల ఏముందో అడగడం ఇంకొకటి. ఆ రెండోపనికి కూడా గాజుపోగే వచ్చింది. పోగును వేడిచేసి లాగితే, పాకం తీగసాగినట్టు సాగి, చివర సూదికన్నా సన్నగా తేలుతుంది. మిచిగన్‌లో కోపెల్మన్ అనే ఆచార్యుడి బృందం 1992లో అలాంటి కొనకు పులుపును బట్టి రంగుమారే పదార్థాన్ని అంటించి, అంత చిన్నచోటి పులుపునూ కొలవగలిగింది. వియత్నాంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన వో-డిన్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఆయన ఎంచుకున్నది పొగ.

కట్టెల పొయ్యి పొగలో, సిగరెట్టు పొగలో బెంజోపైరీన్ అనే విషం వుంటుంది. ఊపిరితో లోపలికి పోయి, కణంలో రూపు మారి, మన వంశలక్షణాలను మోసే డి.ఎన్.ఏ.కు అతుక్కుంటుంది. కేన్సరుకు అదొక తొలిమెట్టు. వో-డిన్ బృందం గాజుపోగు కొనను 50 నానోమీటర్లదాకా సన్నం చేసింది. అంటే ఎర్రకణం వెడల్పులో నూటయాభయ్యో వంతు. వెలుతురు పక్కలకు కారిపోకుండా చుట్టూ వెండిపూత పూశారు. చిట్టచివర మాత్రం, ఆ విషం తాలూకు ముక్కను తప్ప మరి దేన్నీ పట్టుకోని ప్రతిరక్షకాన్ని అతికించారు. తాళానికి తగ్గ తాళంచెవిలాగా. ఎలుక కాలేయపు కణంలోకి ఆ కొనను దించి, వెలుతురు పంపితే, దొరికిన ముక్క మెరుస్తుంది. ఆ మెరుపును మైక్రోస్కోపుతో కొలిచారు. కొన బయటికి తీశాక కణం బతికే వుంది. 2000 సంవత్సరంలో ప్రకటించారు ఈ పనిని. మన అమ్మలూ అమ్మమ్మలూ కళ్ళు నులుముకుంటూ గొట్టంతో ఊదిన పొగ ఒక్క కణంలో ఏం చేస్తున్నదో లెక్క తెలుసుకునే దారి దొరికింది. ఏ విషమైనా మొదట పాడుచేసేది ఒక్క కణాన్నే గదా. కోట్ల కణాలు పాడయ్యాకగాని మనకు దగ్గు రాదు, గడ్డ రాదు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. ఈ పరికరాలన్నీ ఇప్పటికీ పరిశోధనశాలలవే. ఆడవాళ్ళ నెత్తురు ఒక క్యూబిక్ మిల్లీమీటరులో 40, 50 లక్షల ఎర్రకణాలుంటాయి. ఒక్కొక్కదాన్ని పట్టి, సాగదీసి, కొలిచేదెప్పుడు? ఆ వేగం పెంచడానికే గాజుపోగులను చిన్న చిన్న కాలువల పక్కన అమర్చి, కణాలను వరసగా పారించి చూస్తున్నారు. కాబట్టి ఎవరైనా "లేజరుతో మీ నెత్తురు పరీక్షిస్తాం, శుద్ధి చేస్తాం" అని కరపత్రం పంచితే, దానికీ ఈ శాస్త్రానికీ సంబంధం లేదని తెలుసుకోండి. డబ్బు పారేసుకోకండి.

మనకు అందుబాటులో వున్నది వేరే వుంది. సి.బి.సి. అని నెత్తురు పరీక్ష చేసి ఒక కాగితం ఇస్తారు. మనం హిమోగ్లోబిన్ అంకె ఒక్కటి చూసి మడిచి పెట్టేస్తాం. దాని కిందనే ఎమ్.సి.వి. అని ఇంకొక అంకె వుంటుంది. అది ఎర్రకణం పరిమాణం. అది 80కి తక్కువైతే కణాలు చిన్నవన్నమాట. ఇనుము చాలకపోయినా కణం చిన్నదవుతుంది, తలసీమియా లక్షణం వున్నా చిన్నదవుతుంది. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. రెండో రకంవారికి, ఒంట్లో ఇనుము సరిపడా వున్నప్పుడు, ఏళ్ళ తరబడి మాత్రలు మింగినా అంకె పెరగదు. "సరిగా తినడంలేదు, మాత్ర పారేస్తున్నది" అని ఇంట్లో మాటపడటం ఒకటే మిగులుతుంది. అలాగని మీ అంతట మీరు మాత్రలు మానేయకండి, ముఖ్యంగా గర్భిణులు. మూడు నెలలు వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోతే, ఎమ్.సి.వి. తక్కువగానే వుంటే, ఫెర్రిటిన్ పరీక్షా, హెచ్.బి. ఏ2 పరీక్షా అవసరమా అని డాక్టరును అడగండి. మొదటిది ఒంట్లో ఇనుము నిలవను చెబుతుంది. రెండోది 3.5 శాతం దాటితే సాధారణంగా తలసీమియా లక్షణం వున్నట్టు.

లక్షణం వున్నంతమాత్రాన అది జబ్బు కాదు. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురికి వుంటుంది, హాయిగా జీవిస్తారు. భార్యాభర్తలిద్దరికీ వుంటేనే చిక్కు. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు అసలు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు. ఆ బిడ్డకు నెలనెలా నెత్తురు ఎక్కించాలి. అందుచేత పెళ్ళిచూపుల్లో జాతకాలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఈ కాగితం కూడా ఇచ్చిపుచ్చుకుంటే బాగుంటుంది. అమ్మాయిది ఒక్కటే కాదు, అబ్బాయిది కూడా. పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. ఇనుము బాగా తక్కువగా వున్నప్పుడు చేయిస్తే ఒక్కొక్కప్పుడు అంకె తగ్గి చూపిస్తుంది కనుక, ఆ లోటు సరిచేసుకున్నాక చేయించుకోవడం మంచిది.